పారాచూట్ సైనికుడి తొడ జేబు

ఆమెను సైనిక దుస్తుల కర్మాగారంలో అందరూ కత్తెరక్క అనేవారు. భర్త యుద్ధానికి వెళ్లిన నాలుగో నెలలో పనిలో చేరింది. పొడవాటి రేకుల షెడ్డులో, ఇరవై పొరలుగా పరిచిన గుడ్డను సుద్దగీత వెంట కోయడం ఆమె పని. వెంట్రుకవాసి కూడా గీత తప్పేది కాదు. ఇంట్లో మామగారు మాత్రం పెదవి విరిచేవాడు. నలభై ఏళ్లు పెద్దమనుషులకు సూట్లు కుట్టిన దర్జీ ఆయన. "గోతాలు కుట్టడానికి నా కోడలే దొరికిందా వాళ్లకి?" అనేవాడు.

ఆ ఏడాది పారాచూట్ సైనికుల దుస్తుల పని వచ్చింది. దూకేవాడికి వీపున పారాచూట్ ఉంటుంది కాబట్టి వేరే సంచి కుదరదు. కావలసినవన్నీ ప్యాంటు తొడల మీది పెద్ద జేబుల్లోనే. మొదటి విడత బట్టలు శిక్షణ శిబిరం నుంచి మరమ్మతుకు తిరిగొచ్చాయి. మూట విప్పి చూస్తే నలభై ప్యాంట్లలో ముప్పై ఒకటి ఒక్కచోటే చిరిగాయి. జేబు పైమూలన.

"దూకితే చిరగవా మరి? అతుకులేసి పంపించెయ్," అన్నాడు మేస్త్రీ.

"అతుకేస్తే దాని పక్కన చిరుగుతుంది మేస్త్రీగారూ."

మేస్త్రీ చెవిన పెట్టలేదు. ఆమె రెండు ప్యాంట్లు చంకన పెట్టుకుని, నమూనాలు గీసే అధికారి గదికి వెళ్లింది. ఆయన గోడ మీది బొమ్మ చూపించాడు. అందులో సైనికుడు నిటారుగా నిలబడి ఉన్నాడు.

"ఈయన జేబుల్లో ఏమీ లేవు కదండీ," అంది.

"బొమ్మలో ఎందుకుంటాయమ్మా?"

"మనిషి జేబులో ఉంటాయి కదండీ. ఒక్కణ్ణి పిలిపించండి. సామానంతా పెట్టుకునే రమ్మనండి."

రెండు రోజులకు అధికారి ఒక సైనికుణ్ణి షెడ్డుకు తీసుకొచ్చాడు. తూటాలు, డబ్బా తిండి, కట్టుగుడ్డలు, తాడు అన్నీ కూరుకోవడంతో జేబులు నెలలు నిండినట్టున్నాయి.

"ఆ బల్ల మీంచి దూకు తమ్ముడూ."

దూకాడు. పర్రుమంది. ఒక డబ్బా దొర్లుకుంటూ అధికారి బూట్ల దాకా పోయింది. మిషన్ల దగ్గర అమ్మాయిలు పడీపడీ నవ్వారు. అధికారి నవ్వలేదు. వంగి డబ్బా తీసి, "ఎలా ఉండాలో నువ్వే కుట్టి చూపించు," అన్నాడు.

ఆమె జేబు పక్కల మడతలు పెట్టింది. లోపల కాన్వాసు వేసింది. బరువు ఊగకుండా తొడ చుట్టూ కట్టుకోవడానికి నాడా కుట్టింది. మూలలు మాత్రం నిలవలేదు. చివరికి మామగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "గుడ్డ మీద పగబట్టినట్టు కుట్టావేమే?" అంటూ దారం అడ్డంగా పదిసార్లు తిప్పి బిగించాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. ఊడలేదు.

పరీక్షకు పన్నెండుమంది దూకారు. ఒక్క జేబూ చిరగలేదు. కానీ వేలాడుతున్న నాడా కొస పారాచూట్ పట్టీ బకిల్లో చిక్కుకుని, ఒకడు పక్కకు తిరిగి పడ్డాడు. కాలు విరిగింది. ఆ కబురు సాయంత్రానికి ఆమెకు చేరింది. మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది.

"నాడా పెట్టింది నేనే," అంది మంచం పక్కన నిలబడి.

అతను ఆమెవైపు తల తిప్పాడు. "నువ్వేనా? అయితే విను. కట్టాక జానెడు కొస మిగిలింది. అది లేకుండా చెయ్యి. నాడా మాత్రం తీసెయ్యకు. సరుకంతా నాతోనే దిగింది."

"మరి నీ కాలు?"

"కాలు సంగతి డాక్టరు చూసుకుంటాడు. నువ్వు జేబు సంగతి చూడు."

ఆమె నాడా కురచ చేసి, కొస దోపుకోవడానికి చిన్న గుడ్డ గొట్టం కుట్టింది. ఈసారి ఇరవైమంది దూకారు. ఇరవైమందీ నడిచే వచ్చారు. కొత్త నమూనా కాగితం మీద 'మూడో మార్పు' అని మాత్రమే రాశారు. ఆమె పేరు లేదు. ఆమె వెతకనూ లేదు, ఎందుకంటే ఆరు వేల ప్యాంట్లు కోయాలి.

మూల కుట్టు అమ్మాయిలకు పట్టుబడకపోవడంతో మామగారినే తీసుకొచ్చింది. వారం రోజుల్లో ముగ్గురిని ఏడిపించాడు, అందరికీ నేర్పాడు. ఇంటికి నడుస్తూ, "రేపు కాస్త ముందే బయల్దేరదామే. ఆ మూడో వరస పిల్ల దారం వదులుగా లాగుతోంది," అన్నాడు.