గొర్రెల వీపు మీద నెమలి

మార్కాపురంలో మూతపడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో మేం నలుగురం కలిసి బొమ్మలు చెక్కి అచ్చువేస్తుంటాం. కాగితాల మీద వేసినవి కొనే నాథుడు లేడు. ఈ రోజు పొద్దున వెంకటయ్య మామ వచ్చి, తన గొర్రెల వీపుల మీద గుర్తు వేసిపెట్టమన్నాడు. మాలో సుభాషిణి వారం పాటు చెక్కిన నెమలి అచ్చుకు ఎర్రరంగు పూసి మంద మొత్తానికీ కొట్టాం. అది చూసి ముచ్చటపడి ఆయన బావ శీనయ్య కూడా తన మందను తోలుకొచ్చాడు. దానికీ అదే నెమలి. ప్రతి అచ్చూ ఒకేలా వచ్చిందని మురిసిపోయాం కూడా.

మామ రెండు మందల్నీ తేరిపార చూశాడు. "బాగనే వేసినారు గానీ, ఇప్పుడు నావి ఏవి, మా బావవి ఏవి?"

నేనే కిరసనాయిలు గుడ్డ తీసుకుని శీనయ్య గొర్రెల మీది నెమళ్లకు తోకలు తుడిచేశాను.

"ఏందిరా ఇది, కోడి అయిపోయింది కదా," అంది సుభాషిణి.

"కోడే బాగుంది పాపా," అన్నాడు శీనయ్య.

ఇందాకే కబురొచ్చింది. రేపు ఇంకో రెండు మందలు వస్తాయట, వాళ్లకీ కోడే కావాలట. సుభాషిణి నాతో మాట్లాడటం లేదు. బొమ్మ కింద ఆమె పేరు రాయాలా, నా గుడ్డ పేరు రాయాలా, మీరే తేల్చండి.