కువైట్ నుంచి వచ్చిన మల్లయ్య మామ

పొద్దున టీవీలో, గల్ఫ్ విమానాశ్రయంలో సంచులు పట్టుకుని నేల మీద కూర్చున్నవాళ్లను చూశాను. బొంబాయి కామాటిపురాలో మేముండిన వరుసగదుల చాల్, వరండా నిండా స్టవ్వుల కిరోసిన్ వాసన గుర్తొచ్చాయి. మా ఈడువాళ్లూ, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడిన ఏడాది మీకు గుర్తుందా?

మా పక్కగది ఎల్లమ్మత్త భర్త మల్లయ్య మామ అక్కడ తాపీమేస్త్రీ. ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. అత్త రోజూ నా స్కూలు అట్లాసు తెరిపించేది. కువైట్ మొత్తం నా చిటికెనవేలి గోటి కింద దాగిపోయేది.

"గింతేనా బిడ్డా? గింత జాగల మీ మామను ఎతుకుడు ఎంతసేపు?" అనేది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మామ మెట్లెక్కి వచ్చాడు. ఎడారి దాటి జోర్డాన్‌లోని శరణార్థుల క్యాంపు చేరి, అక్కణ్ణుంచి విమానం ఎక్కాడట. చాల్ జనమంతా చుట్టూ మూగి యుద్ధం గురించి అడుగుతోంది. అత్త మాత్రం ఆయన కాళ్లకేసి చూసింది. ఆడవాళ్ల చెప్పులు, మడమలు బయటికే ఉన్నాయి.

"గివి ఎవరియి?"

"క్యాంపుల నా చెప్పులు పోయినయ్. ఇసుకల కాళ్లు కాలుతుంటే ఒక ముసలవ్వ తనయి ఇడిచి ఇచ్చింది. ఏ దేశమామెనో తెల్వదు."

"మరి ఆమె?"

"ఉత్త కాళ్లతోనే పోయింది."

అప్పటిదాకా కంటతడి పెట్టని అత్త, పేరు కూడా తెలియని ఆ అవ్వ కోసం గడపలోనే కూర్చుని ఏడ్చింది.