సుజనక్క బిగించిన మెట్టు

రేపల్లెలో సుజనక్క ఇంటికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె కారు కింద పడుకుని ఉంది. గోనెపట్టా మీద రెండు పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్లమ్మ అన్నమ్మ గారు టార్చి పట్టుకుని కూర్చున్నారు.

"రామ్మా, కూర్చో. అదిప్పుడే బయటికి రాదు" అన్నారావిడ.

కారు కింద నుంచి సుజనక్క గొంతు వినిపించింది. "బిందూ, వచ్చావా? ఆ పదమూడో నంబరు స్పానరు ఇటివ్వు."

మేమిద్దరం తెనాలిలో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. ఆమె హెడ్ నర్సు, నేను ల్యాబులో. చాలా ఏళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాక, హైదరాబాద్‌లో ఒక కళ్ల డాక్టరు వాడిన పెద్ద ఎస్‌యూవీని ఆమె కొనుక్కుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో ప్లగ్గుకి పెడితే కొంత దూరం కరెంటు మీద, ఆ తర్వాత పెట్రోలు మీద నడిచే రకం. పొద్దున్నే రేపల్లెలో బయల్దేరితే తెనాలి పొలిమేర దాకా ఇంజను చప్పుడే ఉండదు.

కొన్న కొత్తలో మ్యాట్లు, వెనక కెమెరా వేయించుకుందామని తెనాలిలో ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్లింది. షాపాయన కారు చుట్టూ తిరిగి చూసి, "సార్ రాలేదాండీ?" అనడిగాడు.

"ఏ సారు?"

"అదేనండీ, కారు గల సారు."

"కారు నాదేనండి."

ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. మ్యాట్ల సంగతి వదిలేసి తోలు సీటు కవర్లు తీసి చూపించడం మొదలుపెట్టాడు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని కుట్టిన గుర్తు ఉంది, దాని మీద మందం కవరు వేస్తే అది ఎలా తెరుచుకుంటుందని సుజనక్క అడిగింది.

"అందరూ వేయించుకుంటున్నారండీ. ఎవరికీ ఏం కాలేదు. పోనీ డ్రైవర్ని పంపండి, అతనికి చెబుతాను."

"డ్రైవర్ని కూడా నేనే" అని తాళాలు తీసుకుని వచ్చేసింది. ఆ రోజు ఆసుపత్రి క్యాంటీన్లో టీ తాగుతూ, "ఇకనుంచి ఈ బండికి ఏం బిగించినా నేనే బిగిస్తాను బిందూ. చెడగొట్టినా నేనే చెడగొడతాను" అంది.

అన్నట్టే మొదట చెడగొట్టింది కూడా. వీడియోలు చూసి ముందు అద్దానికి డ్యాష్ కెమెరా పెట్టింది. వైరు అంచుల్లోకి నొక్కి, ఎక్కడా కనపడకుండా ఫ్యూజు పెట్టె దాకా చక్కగా లాగింది. కానీ ఒక ఫ్యూజు పీకి మరోచోట పెట్టింది. ఒకరోజు నేనూ బండిలో ఉండగా వేమూరు దగ్గర వాన పట్టుకుంటే వైపర్లు కదల్లేదు. వాన వెలిసేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె మాత్రం ఒళ్లో కారు పుస్తకం తెరిచి ఫ్యూజుల పేజీ చదువుతూనే ఉంది. ఇంటికెళ్లి సరిచేసింది. ఆ తర్వాత వైరు ముట్టుకునే ముందు ఫోనులో ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకుంది.

అసలు చిక్కు అన్నమ్మ గారి మోకాళ్లతో వచ్చింది. ఆవిడ కర్లపాలెం చేలల్లో నాట్లేసి, కోతలు కోసి పిల్లలిద్దరినీ చదివించిన మనిషి. సుజనక్క మొదటి జీతం చేతికొచ్చేదాకా ఆ కాళ్లు బురదలోనే ఉన్నాయి. ఇప్పుడవి వంగవు. కారు కొన్న మొదటి ఆదివారం చర్చికి బయల్దేరితే కారులోకి కాలే అందలేదు. సుజనక్క తమ్ముడు వినయ్ కుమార్ బాపట్లలో క్లర్కు. అతను ఇంకో ఇద్దరిని పిలిచి ఆవిడ చంకల కింద చేతులు వేశాడు. అన్నమ్మ గారు ఆ చేతులు విదిలించి కొట్టారు.

"నేనేమన్నా బస్తానా, ఎత్తి పడెయ్యడానికి?"

ఆవిడ ఆటో పిలిపించుకుని చర్చికి వెళ్లారు. వెనకాల అంత పెద్ద కారూ ఖాళీగా వెళ్లింది, సుజనక్క ఒక్కతే నడుపుకుంటూ.

షోరూములో అడిగితే ఆ మోడల్‌కి మెట్లు రావడం మానేశాయన్నారు. బయట చేయిస్తే వారంటీ పోతుందన్నారు. కింద హై వోల్టేజ్ తీగలున్నాయి, ముట్టుకోవద్దన్నారు. ఆ చివరి మాట మాత్రం ఆమె గట్టిగా పట్టించుకుంది. టార్చి వేసి చూస్తే నారింజ రంగు తీగలు బండి మధ్యలో ఉన్నాయి. తలుపు కింద అంచున మాత్రం, మెట్టు బిగించుకోవడానికి కంపెనీ వాళ్లే వదిలిన బోల్టు రంధ్రాలు రబ్బరు బిరడాలతో మూసి కనిపించాయి. కొత్తగా ఒక్క రంధ్రం కూడా పెట్టకూడదనీ, ఉన్నవాటికే బిగించాలనీ నిర్ణయించుకుంది.

సెలైన్ సీసాలొచ్చే అట్టపెట్టెలు కోసి కొలత తయారుచేసింది. అన్నమ్మ గారి చెప్పు పెట్టి వెడల్పు గీసింది. వెల్డింగు షాపులో ఆ అట్ట ప్రకారం ఇనుము కోయించి, అతికించి తెచ్చుకుని తనే బిగించింది. ఆవిడ కాలికి అందాలని మెట్టు బాగా కిందికి దించింది కదా, భట్టిప్రోలు స్పీడ్ బ్రేకరు దగ్గర అది నేలకి రాసుకుని వంకర పోయింది. విప్పేసి, ఈసారి మడతబందుల మీద పైకి లేచేలా చేయించింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కిందికి దించాలి, వెళ్లేటప్పుడు పైకి మడిచి చీల పెట్టాలి. నేను వెళ్లిన రోజు ఆమె బిగిస్తున్నది ఆ రెండో మెట్టే.

పని జరుగుతుండగానే వినయ్ కుమార్ వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటక్కా ఇది? వీధిలో అందరూ చూస్తున్నారు. ఇంత బండి కొనుక్కుని మెకానిక్కులా కింద పడుకుంటావా? అమ్మని మేం ఎక్కిస్తామన్నాం కదా."

కారు కింద నుంచి స్పానరు తిరుగుతున్న చప్పుడు వినపడింది. అన్నమ్మ గారే టార్చి ఆర్పకుండా తల తిప్పారు.

"రోజూ వస్తావా నాయనా బాపట్ల నుంచి?"

"రోజూ ఎందుకమ్మా, ఎక్కడికన్నా వెళ్లాలంటే..."

"అదే చెబుతున్నా. ఎత్తాలంటే నీకు వీలున్నప్పుడు ఎత్తాలి. ఎక్కాలంటే నాకు బుద్ధి పుట్టినప్పుడు ఎక్కుతా."

అతను లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సుజనక్క దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి మెట్టు దించి దానిమీద గెంతింది. నన్ను చూసి, "నువ్వు నాకంటే బరువు కదా, ఒకసారి నిలబడు" అంది. సిగ్గేసినా నిలబడ్డాను. మెట్టు కదల్లేదు. లోపలి పిడికి నైలాను పట్టీ కట్టి, చెయ్యి జారకుండా దానికి ముడులు వేసింది. ఆ తర్వాత అన్నమ్మ గారు వచ్చారు. పట్టీ పట్టుకున్నారు. ఎడమ కాలు పెట్టారు. ఊపిరి తీసుకున్నారు. కుడి కాలు తెచ్చి పక్కన పెట్టారు. సీట్లోకి జరిగారు. కూర్చున్నాక ఆవిడ తలుపు తనే వేసుకున్నారు.

తర్వాతి నెలలో కర్లపాలెంలో అన్నమ్మ గారి తమ్ముడు మార్కు మనవరాలి పెళ్లి. నేనూ వెళ్లాను. చర్చి ముందు కారాగగానే బ్యాండు వాళ్లు పక్కకి జరిగారు. చుట్టాల్లో నలుగురు మగవాళ్లు చేతులు చాపుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"ఆగండయ్యా. ఎవరూ దగ్గరికి రావద్దు" అన్నారు అన్నమ్మ గారు లోపల్నుంచే.

సుజనక్క మెట్టు దించి, తను కూడా చేతులు కట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. ఆవిడ పట్టీ పట్టుకుని మెల్లగా దిగారు. చాలాసేపు పట్టింది. అంతసేపూ పెళ్లికొచ్చినవాళ్లంతా ఎండలో నిలబడ్డారు. ఆవిడ తొందరపడలేదు. నేల మీద నిలబడి చీర సర్దుకుని, చర్చి మెట్ల దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "కళ్లజోడు బండిలో మర్చిపోయాను" అన్నారు. తెచ్చిపెడతానని వినయ్ కుమార్ కదిలాడు. "నువ్వుండు" అని ఆవిడే మళ్లీ వచ్చి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగారు. నిజంగా మర్చిపోయారో లేదో నాకిప్పటికీ తెలియదు.

సర్వీసుకి తీసుకెళ్లినప్పుడు షోరూము వాళ్లు మెట్టు చూసి మొహం ముడుచుకున్నారు. "ఇది తీసేయాలి మేడమ్. లేకపోతే బ్యాటరీ వారంటీకి మా బాధ్యత ఉండదు."

"ఈ బోల్టులకీ బ్యాటరీకీ ఉన్న సంబంధమేంటో చూపించండి, ఇక్కడే తీసేస్తాను" అంది సుజనక్క.

లోపలికెళ్లారు, బయటికొచ్చారు. చూపించలేదు, ఒప్పుకోనూ లేదు. బిల్లు మీద 'బయటి అమరిక ఉంది' అని రాసిచ్చారు. రేపు బ్యాటరీకి ఏమైనా అయితే వాళ్లేమంటారో తెలియదు. "అప్పుడు అప్పటి పోట్లాట పోట్లాడతా" అని ఆమె బండి తీసింది.

మొన్నటి వానలకి మెట్టు తుప్పు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం సుజనక్క దాన్ని విప్పి వసారాలో వేసి గరుకు కాగితంతో రుద్దుతోంది. వినయ్ కుమార్ బాపట్ల నుంచి నల్ల రంగు డబ్బా తెచ్చాడు.

"ఇదేస్తే బండి రంగులో కలిసిపోతుందక్కా. ఉన్నట్టే తెలీదు."

"ఎందుకు తెలీకూడదు? ఎర్రది తీసుకురా" అన్నారు అన్నమ్మ గారు.

"అమ్మా, నల్ల బండికి ఎర్ర మెట్టేంటి?"

"దూరం నుంచి కనపడాలి."

అతను అక్క వైపు చూశాడు. ఆమె తలెత్తకుండా రుద్దుతూనే ఉంది. వినయ్ కుమార్ బజారుకెళ్లి ఎర్ర రంగు తెచ్చాడు. అన్నమ్మ గారు మూత తీయించి చూసి, ఇది ఇటుక రంగు, ఎరుపు కాదన్నారు. అతను స్కూటరు తాళం తీసుకుని మళ్లీ వెళ్లాడు.