గోరింట కంచెలో ఈగలు ఎవరివి?

నా చిన్నప్పుడు నన్ను అకారణంగా మాట అన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ మాటలను మాత్రం నేను ఒక్కటీ మరిచిపోలేదు. వాటిలో మొదటిది మా పక్కింటి మాస్టారు అన్నది.

అప్పుడు మేము బందరులో ఉండేవాళ్ళం. మా తాతయ్య కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. మాస్టారు హైస్కూల్లో చేరబోయే పిల్లలకు సాయంత్రాలు తన అరుగు మీద లెక్కలు చెప్పేవారు; నేనూ అక్కడే చదువుకునేదాన్ని. వారి పెరట్లో తేనెటీగల పెట్టె ఉండేది. దాని దగ్గర నిలబడి ఈగల రాకపోకలు చూడటం నాకు అలవాటు. చూడటమే, ముట్టుకోవడం కాదు.

ఒకరోజు పొద్దున చూస్తే పెట్టె ఖాళీ. ఆ వారంలోనే మా గోరింట కంచెలో అరచేతంత తేనెపట్టు కనబడింది. మాస్టారు ఆ రెండింటినీ కలిపేశారు.

"ఏమే, పుల్ల పెట్టి కెలికావు కదూ? చూడు, లేచొచ్చి మీ కంచెలోనే కూర్చున్నాయి!"

ఇవి చిన్న ఈగలు కదండీ అన్నాను. ఇవి పెట్టెలోవాటి పిల్లలట, పెద్దవి ఎక్కడికో పోయి ఉంటాయట. ఇక తన అరుగు ఎక్కవద్దన్నారు. హైస్కూలు ప్రవేశ పరీక్షకు నెల కూడా లేదు. ఏడుస్తూ ఇంటికి వచ్చి చెబితే తాతయ్య నన్ను దగ్గరకు తీసుకోలేదు. "నువ్వు కెలికావా?" అని అడిగాడు. లేదన్నాను. నమ్మానని గానీ నమ్మలేదని గానీ అనలేదు. అదీ నాకు గుర్తుంది.

మర్నాడు తాతయ్య మాస్టారిని పిలిచి, పెట్టె కింద చచ్చిపడిన ఈగలు మూడు, కంచె కింద రాలినవి మూడు ఆయన చేతే ఏరించాడు. ఒక్కోదాని ముందు రెక్క ఒకటి తుంచి, తుమ్మజిగురుతో అద్దానికి అంటించి, భూతద్దంలో చూస్తూ ఒక్కో రెక్కను ఒక్కో కాగితం మీద జానెడు బొమ్మగా గీశాడు. చిన్న రెక్కా పెద్ద రెక్కా ఒకే కొలతకు వచ్చేలా గీశాడు. మధ్యాహ్నమంతా పట్టింది. ఆరు కాగితాలూ కలిపేసి, మీ ఈగలవి ఏవో తీయండి మాస్టారూ అన్నాడు.

మాస్టారు తీయలేకపోయారు. నేనూ తీయలేకపోయాను. నాకు అన్నీ చేపల వల ముక్కల్లాగే కనబడ్డాయి. నన్ను కాపాడతాడనుకున్న తాతయ్య ఉన్న తేడాను కూడా చెరిపేశాడేమిటో అర్థం కాలేదు.

అప్పుడు ఆయన కంపాసు తీశాడు. రెక్కలో ఒక గడి ఉంటుంది. దాని అడుగు గీతను ఇంకో గీత వచ్చి తాకి రెండు ముక్కలు చేస్తుంది. మూడు కాగితాల్లో పొడుగు ముక్క పొట్టి ముక్కకు నాలుగింతలుంది. మిగతా మూడింటిలో మూడింతలే. కాగితాల వెనక ఆయన వేసుకున్న గుర్తులు చూస్తే, నాలుగింతలవి పెట్టె ఈగలవి.

"అచ్చును చిన్నది చేస్తే గీతలన్నీ ఒకే పాళ్ళలో చిన్నవవుతాయండీ. ఇవి రెండూ ఒక అచ్చువి కావు."

మాస్టారు అంత తేలిగ్గా ఒప్పుకుంటారా! "చంటిపిల్లకి తల పెద్దది, కాళ్ళు పొట్టివి. పెరిగాక సర్దుకోవూ?" అన్నారు. అదీ నిజమే అనిపించింది నాకు. తాతయ్య కూడా ఆ మాటను కొట్టిపారేయలేదు. తరువాత ఖాళీ పెట్టెలో మిగిలిన పట్టు తెప్పించి, తన గది మైనం మూత కొరుక్కుని బయటికి రాబోతూ చచ్చిపోయిన పిల్ల ఈగను సూదితో తీశాడు. దాని రెక్క పెద్దవాటి రెక్కంతే ఉంది. గీసి కొలిస్తే నాలుగింతలు.

"సరేనండీ, కంచెలోవి మావి కావు. మరి మావి ఎందుకు పోయినట్టు?" అంటూ మాస్టారు నా వైపు చూశారు. తాతయ్యా నా వైపే చూశాడు. గెలిచానో ఓడానో నాకు తెలియలేదు.

"ఆ సంగతి రెక్క చెప్పదండీ," అన్నాడు తాతయ్య. "తెలియనిదానికి పిల్ల చదువు ఆపడమెందుకు?"

మర్నాటి సాయంత్రం అరుగు మీద ఒక చివర నాకు చోటు దొరికింది. పొరపాటు పడ్డానని మాస్టారు అనలేదు, ఆ రోజూ, ఆ తరువాతా.

ఆ తరువాత నేను చాలామంది మీద చాలా ఫిర్యాదులు రాశాను. కలం పట్టే ముందు ప్రతిసారీ ఇందులో నేను చూసిందెంత, అనుకున్నదెంత అని విడదీసుకుంటాను. అనుకున్నది కొట్టేస్తే చాలావరకు సగమే మిగులుతాయి. కొన్ని అసలు మిగలవు. ఇది తాతయ్య వల్ల వచ్చిన అలవాటు. ఎంత కొట్టేసినా చెక్కు చెదరకుండా మిగిలే వాక్యం ఒకటుంది: నేను ఆ పెట్టెను ముట్టుకోలేదు.