స్పీకరు మూగబోయిన శుక్రవారం

మా పిన్ని దర్జీ. బడి యూనిఫాంల కోసం మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఇంట్లో నమాజుకు నిలబడితే చాలు, "ప్యాంటు అయిందా అక్కా?" అంటూ ఎవరో ఒకరు తలుపు బాదుతారు. అందుకే వారానికొక్కసారి, శుక్రవారం నాడు, నలుగురితో భుజం కలిపి మసీదులో నమాజు చదువుకోవాలని ఆమె ఆశ.

అక్కడ ఆడవాళ్ళకు ఇచ్చిన చోటు ఏమిటో తెలుసా? మరుగుదొడ్ల పక్క గది. కంపుకొట్టే తుడుపుగుడ్డలు, విరిగిన నిచ్చెన, ఎండిన రంగు డబ్బాలు. కిటికీ లేదు. గోడకు ఒక స్పీకరు. అందులో ఇమాం గొంతు విని వంగాలి, విని లేవాలి.

ఒక శుక్రవారం పిన్నితో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు సజ్దాలో నుదురు నేలకు ఆనించారు. స్పీకరు మూగబోయింది. ఇమాం కంటే ముందు తలెత్తకూడదు కదా, ఎవరూ ఎత్తలేదు. ఆయన ఇంకా సజ్దాలోనే దేవుణ్ణి వేడుకుంటూ దువా చేసుకుంటున్నాడేమో అనుకున్నారు పాపం. బయట మగవాళ్ళు చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడేదాకా అలాగే ఉన్నారు. పిన్నిని ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

అప్పుడే కమిటీ కార్యదర్శి బకెట్టు పెట్టడానికి తలుపు తీశాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా? నిద్రపోయారా?"

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే కదన్నా. హాల్లో ఆఖరి వరస ఖాళీగానే ఉంటుంది, అక్కడ నిలబడతాం" అంది పిన్ని.

"ఇంట్లో చదువుకుంటే పోయేదానికి ఇదేం గోల? ఈ గదైనా ఇచ్చాం, సంతోషించండి."

ఇదంతా నాకు చెబుతూ పిన్ని నుదుటి మురికిని తుడుచుకుంటూనే ఉంది. వింటుంటే ఒళ్ళు మండిపోయింది. వాడి నోట్లో ఆ తుడుపుగుడ్డ కుక్కాలన్నాను.

మరుసటి శుక్రవారం గదికి తాళం వేశారు. పిన్ని ఆ ఐదుగురినీ వెంటబెట్టుకుని హాల్లోకొచ్చి ఆఖరి వరసలో నిలబడింది. ఇమాం వెనక్కి తిరిగాడు.

"ఆడవాళ్ళు బయటికెళ్తేనే మొదలుపెడతాను."

"తాళం వేశారు హజ్రత్. ఎక్కడికెళ్ళమంటారు?"

ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. వంద మంది మగవాళ్ళలో ఒక్కడికీ నోరు పెగల్లేదు.

"నువ్వైనా చెప్పరా నాన్నా" అంది పిన్ని.

మూడో వరసలో ఉన్నది నేను. వెనక్కి తిరగలేదు. ఆరుగురూ మెట్లు దిగి వెళ్ళాక, అందరితో పాటు బుద్ధిగా చేతులు కట్టుకున్నాను. ఛీ.