గట్టిగా చెప్పండి, కోటిలింగంగారున్నారు

మా కోటిలింగం బాబాయికి ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి మామూలుగా, రెండోసారి కృష్ణ అవతలి ఒడ్డుకు వినపడేలా. మనం నోరు మూయగానే ఆయన అరచెయ్యి చెవి వెనక చేరేది. "ఏమన్నారూ?" అనేవాడు. బెజవాడలో ఆయనతో రహస్యం చెప్పినవాడు లేడు. చెబితే అది రహస్యంగా మిగలదు మరి.

బాబాయి అంటే చుట్టరికం కాదు. ఆయన చేనేత మనిషి, పటమటలో నాలుగు మగ్గాలు. నేను క్రైస్తవుణ్ణి, వన్‌టౌన్‌లో రత్తయ్యగారి బట్టలకొట్లో గుమాస్తాని. నేసిన చీరలు మా కొట్లోనే వేసేవాడు. వేసి ఇంటికి వెళ్ళొచ్చుగా? వెళ్ళడు. నా పక్కనే చాప మీద బైఠాయిస్తాడు.

"ఎర్రంచు చీర చూపించు బాబూ," అనేది ఒకావిడ.

"ఏమన్నారూ?" అనేవాడు బాబాయి.

"మిమ్మల్ని కాదండీ, గుమాస్తాని అడుగుతున్నా."

"అంచు ఏ రంగన్నారూ?"

"ఎరుపండీ బాబూ, ఎరుపు!"

ఎదురుగా ఇత్తడి సామాన్ల కొట్టాయన తొంగిచూసేవాడు. నేను ఎర్రంచు చీరలు పరిచేవాణ్ణి. రత్తయ్యగారు తల పట్టుకునేవారు. "ఇది బట్టలకొట్టా, వేలంపాటా? ఆయన నేత మంచిది కాబట్టి ఊరుకుంటున్నానోయ్ ఏసుపాదం!"

ఒక్క కొట్టుతో పోయిందా? నా స్నేహితుడు అంతోని కూతురి జ్ఞానస్నానానికి బాబాయి మా గుడికొచ్చాడు. పాదిరిగారు పిల్లకు పేరు పెట్టారో లేదో, వెనక బల్ల మీంచి "ఏ పేరన్నారూ?" అని వినపడింది. గుడి గుడంతా "శౌరమ్మ!" అని కేకేసింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అంతోని నెల్లాళ్ళు బాబాయితో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు, కాకపోతే అరుస్తూ.

ఇలా ఉండగా ఆ మాంత్రికుడి సినిమా రెండో భాగం వచ్చింది. మొదటి భాగం చూసినప్పట్నుంచీ ఊరికి నిద్రలేదు. చెరలో ఉన్న రాకుమారి, మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో చెప్పడానికి నోరు తెరిచింది. అంతే, తెర మీద 'మిగతాది రెండో భాగంలో' అని పడింది. ప్రాణం గడ్డంలో ఉందని అంతోని, కిరీటంలో ఉందని రత్తయ్యగారు, ఏడాదిపాటు వాదులాట.

నా బాధ వేరు. ఆ ఏడాదే నాకు మలేరియా తగిలింది. క్వినైను మింగి మింగి జ్వరం వదిలించుకున్నాను గాని, పోతూ పోతూ అది నా వినికిడిలో ముప్పాతిక పట్టుకుపోయింది. కేకేస్తే వినపడుతుంది. మామూలుగా అంటే పెదాలు కదలడమే కనపడుతుంది. మా ఆవిడ అమలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవిటి గుమాస్తాని ఏ షావుకారు ఉంచుకుంటాడు? ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఎవరైనా ఎదురుగా ఏదైనా అంటే నవ్వుతూ తల ఊపి ఎలాగో నెట్టుకొస్తున్నాను.

సినిమాకు రానంటే అనుమానం. వస్తే, బయటికొచ్చాక అలవాటుగా ప్రతి మాటా అంతోని నాతో మళ్ళీ చెప్పించుకుంటాడు. నాకు వినపడదని వాడికి తెలిసిందంటే తెల్లారేసరికి రత్తయ్యగారికి తెలుస్తుంది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ ప్రాణం సంగతి తేలాలిగా!

ఆదివారం ప్రార్థన కాగానే మధ్యాహ్నం ఆటకు పరిగెత్తాం. ఉయ్యూరు నుంచి బొగ్గుతో నడిచే బస్సుల్లో, ఎడ్లబండ్లలో జనం దిగారు. టిక్కెట్లు చేతికొచ్చేసరికి అంతోని చొక్కాకు ఒక చెయ్యే మిగిలింది. బెంచీ మీద బాబాయి నా పక్కన ఇరుక్కున్నాడు.

బొమ్మ మొదలైంది. కత్తులు తిరుగుతున్నాయి, కొండలు పగులుతున్నాయి, నాకు హోరు తప్ప ఏమీ లేదు.

"ఏమన్నాడూ?" అన్నాడు బాబాయి.

"గుర్రం తెమ్మన్నాడు!" అని ముందు బెంచీ విసుక్కుంది.

"ఎవర్ని?"

"మంత్రిని! నోర్ముయ్యవయ్యా!"

అక్కణ్ణుంచి ప్రతి సంభాషణా రెండుసార్లు నడిచింది, తెర మీద ఒకసారి, బెంచీల మీద ఒకసారి. రాకుమారి రాజకుమారుడి చెవిలో గుసగుసగా చెప్పే ఘట్టం వచ్చేసరికి, బాబాయి అడక్కముందే నేల టిక్కెట్టువాళ్ళు వెనక్కి తిరిగి ఒక్క గొంతుతో అరిచారు. "తలగడలో! ప్రాణం తలగడలో ఉందిట పెద్దాయనా!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన చెవుడు నా పాలిట వరమైందని దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆట వదిలారు. తలగడ సంగతి అంతోనికి నేనే చెప్పి దర్జాగా బయటికొచ్చాను. వాడు కిళ్ళీకొట్టుకు పోయాడు. ఆడవాళ్ళ గేటు దగ్గర, పాతిక గజాల దూరంలో, బాబాయి భార్య నాగమల్లేశ్వరి పెదాలు కదిపింది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినంత నెమ్మదిగా. అంత గోలలోనూ బాబాయి ఠక్కున తిరిగి చెయ్యి ఊపాడు.

ఆవిడ దగ్గరికి రాగానే అడిగాను. "పిన్నీ, బాబాయికి అంత దూరం వినపడిందా?"

"ఎందుకు వినపడదూ?" అందావిడ గొంతు పెంచి. "ఎదురింటి మగ్గం మీద పోగు తెగితే మా వాకిట్లోంచి చెబుతారు. ఊళ్ళోకొస్తేనే ఈ వేషం. ఏడాదైంది, ఎందుకో చెప్పరు!"

ఏడాది. నాకు జ్వరం తగ్గి కొట్టుకొచ్చినప్పట్నుంచి. ఆ లెక్క నేనేనాడూ వేసుకోలేదు.

"బాబాయ్, నీకు తెలుసా?"

ఆయన నా చెవి దగ్గరికొచ్చి చెప్పాడు. "నువ్వు కొట్టుకొచ్చిన మొదటిరోజే వెనకనుంచి మూడుసార్లు పిలిచానురా. చీర మడతపెట్టుకుంటూ ఉండిపోయావు. అడిగితే సిగ్గుపడతావు. నాకేం, ముసలాణ్ణి, నాకు చెవుడుంటే ఎవడు కాదంటాడు?"

ఏడాదిగా ఊరంతా ఆయన్ని వెక్కిరించింది. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ రోడ్డు మీదే ఆయన చేతులు పట్టుకున్నాను. నాకు వినపడాలనే ఊరిచేత కేకలేయించాడన్నమాట!

ఇక దాచబుద్ధి కాలేదు. నాకు సరిగా వినపడదని సోమవారం రత్తయ్యగారికి చెప్పేశాను. ఆయన నన్ను చూశారు, చాప మీదున్న బాబాయిని చూశారు, భగ్గుమన్నారు.

"చూశారా కోటిలింగంగారూ! రోజూ పక్కన కూర్చుని కూర్చుని మీ చెవుడు మా గుమాస్తాకి అంటించారు!"

నేను నోరు తెరవబోయాను. బాబాయి నా మోకాలు నొక్కి లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదేనండీ రత్తయ్యగారూ, పాపం కుర్రాణ్ణి పాడుచేశాను. అందుకని వీణ్ణి పన్లోంచి తీసేశారంటే మాత్రం, నా మగ్గాల మీది చీర ఒక్కటి కూడా మీ కొట్టు గడప తొక్కదు."