పెరగని దానికి కుట్టిన తొడుగు

మా అక్క మెషిను మీద కూర్చుని ఇరవై ఆరేళ్లయింది. మా బడి యూనిఫాంలన్నీ ఆమె కుట్టినవే. పిల్లలు ఇట్టే పెరిగిపోతారని ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ల వెడల్పు బట్ట మడిచి దాస్తుంది, ఏటా విప్పి వదులు చేస్తుంది. అంత మంచి అలవాటు నా కొంప ముంచుతుందని కలలో కూడా అనుకోలేదు.

అదే బడిలో నేను సైన్సు టీచర్ని. ఈ ఏడు తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు రోబోల పోటీకి వెళ్తామని నా ప్రాణం తీశారు. పోటీవాళ్లు పంపిన నియమాల పుస్తకం నలభై రెండు పేజీలు. రోబో చుట్టూ స్పాంజి పెట్టి, దానిమీద గుడ్డ తొడగాలి. తొడుగుతో సహా నలభై అయిదు సెంటీమీటర్ల చెక్కపెట్టెలో పట్టాలి. పట్టకపోతే ఇంటికే. తొడుగు మాత్రం బయట కుట్టించుకోవచ్చన్నారు కాబట్టి అక్కకి అప్పజెప్పాను.

"కొలత దాటకూడదక్కా."

"నువ్వా నాకు కొలతలు నేర్పేది?" అని కసిరింది.

పోటీ రోజు పొద్దున అక్క కూడా మాతో వచ్చింది. తనిఖీ చేసే ఆయన మా రోబోని పెట్టెలోకి దించాడు. నాలుగు మూలలా ఇరుక్కుంది. తొడుగు తీసి దించితే సాఫీగా జారిపోయింది.

"తొడుగే మందం, టీచర్ గారూ. పదింటిలోపు సరిచేసుకుని రండి."

ఇరవై నిమిషాలే ఉంది. తొడుగు తిరగేసి చూశాను. ప్రతి మూలలోనూ దళసరి గుడ్డ మడత మీద మడత. ఒళ్లు మండిపోయింది.

"రోబో వచ్చే ఏడు పదో తరగతికి వెళ్తుందనుకున్నావా అక్కా?"

అక్క మొహం చిన్నబోయింది. "చెయ్యి ఊరుకోలేదే" అని సంచిలోంచి కత్తెర తీసింది.

"అమ్మా, తనిఖీ మొదలయ్యాక పెద్దవాళ్లు చెయ్యి వెయ్యకూడదు" అన్నాడాయన. నిజమే, ముప్పై ఒకటో పేజీలో ఉంది. ఆ పేజీ చింపి పోగులు పెట్టాలనిపించింది.

చివరికి కత్తెర అందుకున్నది జట్టు నాయకురాలు. ఏటా జానెడు పొడుగవుతోందని అందరూ నిచ్చెన అని పిలిచే పిల్ల. ఆరో తరగతిలో కుట్టించిన స్కర్టే ఇంకా వేసుకుంటోంది. దాని అంచు మీద మూడు పాత కుట్ల గీతలు కనిపిస్తున్నాయి. కత్తెర పొరపాటున కుట్టుకి తగిలితే మూల మొత్తం విచ్చుకుపోతుంది. మళ్లీ కుట్టడానికి అక్కడ మెషినూ లేదు, టైమూ లేదు.

"ఎంత కొయ్యమంటారు అత్తా?"

"మొత్తం కోసెయ్ తల్లీ. అది పెరగదు" అంది అక్క. అని మొహం పక్కకి తిప్పుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను బడి చదువంతా రెండే గౌన్లతో గట్టెక్కాను. ఏటా అక్క కుట్లు విప్పి నాకు సరిపెట్టింది. ఇందాక అక్కని అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ గడియారం తప్ప నాకేమీ కనిపించడం లేదు.

నాలుగో మూల కోసేసరికి పదికి రెండు నిమిషాలు. ఈసారి రోబో పెట్టెలోకి చప్పుడు లేకుండా దిగింది. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను కుర్చీలో కూలబడ్డాను.

అక్క వంగి, కింద పడ్డ ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుంటోంది.

"ఇంకా అవెందుకక్కా?"

"వచ్చే ఏడు పెట్టె పెద్దది చేస్తారేమో కనుక్కోవే" అంది.